బ్రాయిలర్ కోడిని ఏ వయసులో కోయాలి: ఐదో వారం నుంచి పన్నెండో వారం దాకా ఒక పోలిక

బ్రాయిలర్ కోళ్లను మొదటిసారి పెంచేవారు పిల్లలను తెచ్చుకునే ముందు షెడ్డు గురించి, దాణా గురించి, వెచ్చదనం కోసం పెట్టే దీపం గురించి ఎంతో ఆలోచిస్తారు కానీ, వాటిని ఏ రోజున కోయాలన్నది మాత్రం "పెరిగాక చూద్దాం" అని వదిలేస్తారు. నిదానంగా పెరిగే నాటు జాతుల విషయంలో ఆ ధోరణి వల్ల పెద్ద నష్టం లేదు, ఎందుకంటే అక్కడ నెల రోజులు అటూ ఇటూ అయినా కోడి కోడిగానే ఉంటుంది. బ్రాయిలర్ విషయంలో అలా కుదరదు. నెల దాటిన తరువాత ఇది ప్రతి వారం అరకిలోకు పైగా బరువు పెంచుకునే పక్షి. ఒక వారం తొందరపడితే పిల్ల మీద, వెచ్చదనం మీద పెట్టిన ఖర్చు పూర్తిగా రాబట్టుకోలేము, ఒక వారం ఆలస్యం చేస్తే దాణా ఖర్చు పెరగడమే కాక, తన బరువును తానే మోయలేని కోడిని చూస్తూ కూర్చోవలసి వస్తుంది.

ఈ వేగం ఎంతటిదో తెలిస్తే తేదీ ఎందుకు అంత ముఖ్యమో అర్థమవుతుంది. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో 1957 నాటి మాంసపు కోళ్ల జాతిని, 1978 నాటి జాతిని బరువు కోసం తరువాతి కాలంలో చేసిన జాతి ఎంపికలేవీ సోకకుండా కాపాడుతూ వచ్చి, 2005 నాటి వాణిజ్య బ్రాయిలర్‌తో కలిపి ఒకే రకమైన దాణా పెట్టి పెంచి చూశారు. 2014లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, 56 రోజుల వయసుకు మొదటిది సగటున 905 గ్రాములు, రెండోది 1,808 గ్రాములు, మూడోది 4,202 గ్రాములు తూగాయి. అంటే తేడా దాణాలో లేదు, జాతిలోనే ఉంది. రొమ్ము కండ పెరిగినంత వేగంగా కాలి ఎముకలకు బలం చేకూరదు, గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యమూ పెరగదు. కోత తేదీని గురించి తలెత్తే ప్రశ్నలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

ముందుగా దాణా లెక్క

వయసు పెరిగే కొద్దీ కోడి తినే దాణాలో ఎక్కువ భాగం ఉన్న శరీరాన్ని నిలబెట్టుకోవడానికే ఖర్చవుతుంది, కొత్త కండకు తక్కువ మిగులుతుంది. మంచి షెడ్డులో, సమతుల దాణాతో, ఆడ, మగ కలిపి పెంచిన నేటి బ్రాయిలర్ సగటు బరువులు ఉజ్జాయింపుగా ఇలా ఉంటాయి: 35 రోజులకు 2.2 కిలోలు, 42 రోజులకు 2.9 కిలోలు, 49 రోజులకు 3.55 కిలోలు, 56 రోజులకు 4.15 కిలోలు. ఆ రోజు వరకు ఒక్కో కోడి తిన్న మొత్తం దాణా వరుసగా 3.2, 4.6, 6.1, 7.7 కిలోలు. మొత్తం దాణాను మొత్తం బరువుతో భాగించి చూసుకునే అలవాటు అందరికీ ఉంది. దానినే ఎఫ్‌సీఆర్ అంటారు. ఈ లెక్కలో అది 42 రోజులకు సుమారు 1.6 గానూ, 56 రోజులకు సుమారు 1.85 గానూ వస్తుంది. ఈ అంకె నెమ్మదిగా కదులుతుంది కనుక ఇంకో వారం ఉంచినా పరవాలేదనిపిస్తుంది.

నిజానికి చూడవలసింది ఆ సగటును కాదు, చివరి వారపు లెక్కను. ఆరో వారంలో 700 గ్రాములు పెరగడానికి కోడి 1.4 కిలోలు తిన్నది, అంటే కిలోకు 2 కిలోల దాణా. ఏడో వారంలో 650 గ్రాములకు కిలోన్నర, అంటే కిలోకు 2.3. ఎనిమిదో వారంలో 600 గ్రాములకు 1.6 కిలోలు, అంటే కిలోకు దాదాపు 2.7. మొదటి ఐదు వారాల్లో కిలో బరువుకు కిలోన్నర దాణా కూడా పట్టని కోడికి ఎనిమిదో వారంలో అదే కిలోకు ఎంత పడుతున్నదో చూడండి.

అలాగని ఐదో వారంలోనే కోయడం లాభమని తేలదు. పిల్ల ధర, పరుపు పొట్టు, వెచ్చదనం, కోసి శుభ్రం చేసే శ్రమ, ఇవన్నీ కోడి చిన్నదైనా పెద్దదైనా ఒక్కటే. కోడి పెరిగే కొద్దీ ఆ ఖర్చు ఎక్కువ కిలోల మీద పంచుకుపోతుంది. ఎక్కడి ధరలకైనా పనికివచ్చే పద్ధతి ఏమిటంటే, ఈ స్థిర ఖర్చులన్నిటినీ దాణా కిలోల్లోకి మార్చుకోవడం. ఒక్కో కోడికి అయ్యే స్థిర ఖర్చు 3 కిలోల దాణా ధరకు సమానమనుకుందాం. అప్పుడు బతికున్న బరువు ప్రకారం కిలోకు అయిన ఖర్చు 35 రోజులకు 2.82 కిలోల దాణాకూ, 42 రోజులకు 2.62కూ, 49 రోజులకు 2.56కూ దిగి, 56 రోజులకు తిరిగి 2.58కి ఎక్కుతుంది. అంటే ఏడో వారం చివర ఖర్చు అట్టడుగున ఉంది. స్థిర ఖర్చు కిలోన్నర దాణాకు సమానమైతే, అంటే పిల్లలు చౌకగా దొరికి శ్రమ ఇంటిదే అయితే, ఆ అడుగు ఆరో వారం దగ్గరకు వచ్చేస్తుంది. పిల్ల ఖరీదు ఎక్కువై, కోతకు కూడా డబ్బు ఇచ్చుకోవలసి వచ్చి స్థిర ఖర్చు 5 కిలోల దాణాకు సమానమైతే, 56 రోజులకు కూడా కిలో ఖర్చు తగ్గుతూనే ఉంటుంది. ఒకరికి ఆరు వారాలు సరైనవి, మరొకరికి ఎనిమిది సరైనవి అని ఇద్దరు అనుభవజ్ఞులు వాదించుకుంటున్నప్పుడు, చాలాసార్లు ఇద్దరి మాటా నిజమే; వారి స్థిర ఖర్చులు వేరు, అంతే.

దీని నుంచి వచ్చే సూత్రం చిన్నదే. గడిచిన వారంలో పెరిగిన బరువుకు కిలోకు అయిన ఖర్చు, అప్పటి వరకు అయిన మొత్తం ఖర్చు సగటు కంటే తక్కువగా ఉన్నంత కాలం కోడిని ఉంచవచ్చు. దానిని దాటిన వారం నుంచి ఉంచడం దండగ. పెరట్లో పెంచే కోళ్లు పైన చెప్పిన బరువులకు ఒకటి రెండు వారాలు వెనకబడి ఉండటం సహజం కాబట్టి, నా అంకెలను కాక మీ త్రాసునే నమ్మండి. నాలుగో వారం నుంచి ప్రతి వారం ఒకే రోజున, ఉదయం దాణా వేయక ముందు, ఏరి పట్టుకోకుండా చేతికి అందిన పది కోళ్లను తూచి, పుంజులవీ పెట్టలవీ విడివిడిగా రాసుకొని, ఆ వారం ఎన్ని కిలోల దాణా ఖర్చయిందో పక్కనే రాసుకుంటే చాలు. కంటితో చూసి బరువు చెప్పగలమనే ధీమా బ్రాయిలర్ల దగ్గర పనికిరాదు, ఎందుకంటే రోజూ చూసే కంటికి వాటి పెరుగుదల తెలియదు.

ఈ లెక్కలో చాలామంది కలపని అంశం మరణాలు. ఎనిమిదో వారంలో చనిపోయే కోడి తనతో పాటు ఏడు కిలోల దాణాను తీసుకుపోతుంది. యాభై కోళ్లున్న షెడ్డులో ఆ వారం ఒక్కో కోడి 600 గ్రాములు పెరిగితే మొత్తం 30 కిలోలు రావాలి. ఆ వారంలో రెండు కోళ్లు పోతే ఎనిమిది కిలోలకు పైగా, అంటే ఆ వారపు పెరుగుదలలో నాలుగో వంతుకు మించి, పోయినట్టే.

కాళ్లు, శ్వాస, ఎండ

ఖర్చు లెక్క ఏది చెప్పినా, దానిని కొట్టివేసే అధికారం కోడి ఆరోగ్యానికి ఉంది. ఈ మాటను నేను కేవలం లాభనష్టాల దృష్టితో అనడం లేదు. మన చేతిలో పెరిగిన ప్రాణి చివరి రెండు వారాలూ నీళ్ల దగ్గరకు పాకుతూ వెళ్లవలసి రావడం మన నిర్ణయ లోపమే. నేను మొదటిసారి పెంచినప్పుడు, ఇంకొంచెం బరువు వస్తుందన్న ఆశతో, దాణాకు ఏ అడ్డూ పెట్టకుండా పదో వారం దాకా ఆగాను. చివరి పది రోజుల్లో ఐదారు కోళ్లు మోకాళ్ల మీదే కూర్చొని తినడం మొదలుపెట్టాయి, రొమ్ము మీద ఈకలు రాలి బొబ్బలు లేచాయి, కోసినప్పుడు పొట్టలో గుప్పెళ్లకొద్దీ కొవ్వు వచ్చింది. ఆ కొవ్వంతా నేను కొన్న దాణాయే.

కాబట్టి ఐదో వారం నుంచి రోజుకొకసారి కోళ్లన్నిటినీ నిదానంగా లేపి నడిపించి చూడాలి. నడకలో కాస్త ఊగిసలాట ఉండటం ఈ జాతికి మామూలే. నాలుగడుగులు వేసి కూర్చుండిపోవడం, ఒక కాలు ఈడ్వడం, రెక్కను ఆసరాగా నేలకు ఆనించడం మామూలు కాదు; అటువంటి కోడిని తేదీ కోసం ఆపకుండా ఆ రోజే వేరు చేసి కోసివేయాలి. కాలు వంకర తిరగడం వల్ల మాత్రమే కుంటుతూ, చురుకుగా తింటున్న కోడి మాంసానికి దోషం లేదు. కీలు వాచి, వేడెక్కి, కోడి మగతగా ఉంటే అది జబ్బు కోడి, దానిని తినకూడదు. నాలుగు కోళ్లలో ఒకటి కాదు, పదింటిలో ఒకటి ఇలా కనిపించినా మొత్తం మందకు సమయం వచ్చిందని నేను భావిస్తాను.

రెండో హెచ్చరిక పొట్టలో నీరు చేరడం. వేగంగా పెరిగే శరీరానికి కావలసిన ప్రాణవాయువును అందించడానికి గుండె కుడి భాగం శక్తికి మించి పనిచేసి, ఊపిరితిత్తుల్లో రక్తపు ఒత్తిడి పెరిగి, చివరకు కడుపులోకి నీరు ఊరుతుంది. తురాయి నీలిరంగుకు తిరగడం, చల్లని పూట కూడా రొప్పడం, పొట్ట నీటి సంచిలా తగలడం దీని గుర్తులు. చలిలోనూ, సముద్రమట్టానికి చాలా ఎత్తైన చోట్లలోనూ ఇది ఎక్కువ. అటువంటి చోట పెంచేవారు ఎనిమిది, తొమ్మిది వారాల ఆలోచన మానుకోవడమే మేలు. ఇక అప్పటిదాకా బాగా తింటున్న కోడి ఒక్కసారి రెక్కలు కొట్టుకొని వెల్లకిలా పడి చనిపోయే ఆకస్మిక మరణాలు బలిష్ఠమైన పుంజుల్లో ఎక్కువగా కనబడతాయి. ఇలా తనంతట చనిపోయిన కోడి ఏదైనా, ఎంత తాజాగా ఉన్నా, ఆహారానికి పనికిరాదు.

ఎండ సంగతి వేరుగా చెప్పుకోవాలి. కోడికి చెమట పట్టదు, ఎండలో ప్రధానంగా రొప్పడం ద్వారానే వేడిని బయటకు పంపుతుంది. బరువు పెరిగే కొద్దీ లోపల పుట్టే వేడి ఎక్కువై, అది బయటకు పోయే దారి ఇరుకవుతుంది. 30 డిగ్రీలు దాటిన పగళ్లలో రెండు కిలోల కోడి తట్టుకున్నంతగా నాలుగు కిలోల కోడి తట్టుకోలేదు. తిండి తగ్గించేస్తుంది, పెరుగుదల పడిపోతుంది, ఒక్క మధ్యాహ్నంలో ఎన్నో చనిపోవచ్చు. వడగాలులు రాబోతున్నాయని తెలిసినప్పుడు, ముందు అనుకున్న దానికంటే వారం ముందు కోయడం నష్టం కాదు. చోటు విషయంలోనూ ఇదే తర్కం. షెడ్డులో ఎన్ని కోళ్లు పడతాయన్నది తలల లెక్క కాదు, కిలోల లెక్క: చదరపు మీటరుకు పది కోళ్లు రెండేసి కిలోలున్నప్పుడు ఇరవై కిలోలు, అవే నాలుగేసి కిలోలైతే నలభై. ఐరోపా సమాఖ్య 2007లో చేసిన నియమంలో మామూలు పరిమితి చదరపు మీటరుకు 33 కిలోలు, గాలి, వేడి, మరణాల విషయంలో కఠినమైన షరతులను నెరవేర్చిన వారికి కూడా గరిష్ఠంగా 42 కిలోలే. కృత్రిమంగా గాలి ఆడించే ఏర్పాటు లేని చిన్న షెడ్డుకు ఇంతకంటే చాలా తక్కువ బరువే సురక్షితం.

ఏ వయసు ఎవరికి

ఐదో వారంలో కోస్తే సుమారు రెండు కిలోల కోడి నుంచి కిలోన్నర శుభ్రం చేసిన మాంసం వస్తుంది. మాంసం చాలా మెత్తగా ఉంటుంది, కాళ్ల జబ్బులు ఇంకా మొదలై ఉండవు. ఎముకలు లేతవి కావడం వల్ల గడ్డకట్టించి నిల్వచేసిన మాంసం వండినప్పుడు మూలుగలోని రంగు బయటకు వచ్చి ఎముక పక్కన నల్లగా కనబడవచ్చు; అది చెడిపోయిన గుర్తు కాదు. కోడిని మొత్తంగా వండుకునేవారికి, షెడ్డు చిన్నదైనవారికి, ఎండలు ముంచుకువస్తున్నవారికి ఈ వయసు తగినది. మిగిలినవారికి ఇది తొందరపాటు, ఎందుకంటే కిలోన్నర కోడిని శుభ్రం చేయడానికీ మూడు కిలోల కోడిని శుభ్రం చేయడానికీ పట్టే సమయంలో పెద్ద తేడా లేదు.

ఆరో వారం చివర నుంచి ఎనిమిదో వారం మధ్య వరకు ఉన్న కాలం ఎక్కువ మందికి సరిపడేది. బతికున్న బరువులో నూటికి 70 నుంచి 75 వంతులు మాంసంగా చేతికి వస్తుంది, రొమ్ము భాగం నిండుగా ఉంటుంది, దాణా లెక్క ఇంకా చేయి దాటి ఉండదు. అధికభాగం కోళ్లు నడవగలిగే స్థితిలోనే ఉంటాయి.

తొమ్మిదో వారానికి వెళ్లడానికి సరైన కారణం ఒకటే: కోడిని ముక్కలుగా విడదీసి, రొమ్ము వేరుగా, తొడలు వేరుగా నిల్వచేసుకోవాలన్న ఉద్దేశం ఉండి, స్థిర ఖర్చు ఎక్కువగా ఉండటం. పెద్ద కోడిలో ఎముకతో పోలిస్తే కండ పాలు ఎక్కువ. అయితే మరీ బరువైన కోళ్ల రొమ్ము కండలో తెల్లని చారలు, చెక్కలా బిగిసిన భాగాలు కనబడటం కూడా బరువుతో పాటే పెరుగుతుంది. అటువంటి మాంసం తినడానికి ప్రమాదకరం కాదు కానీ, నమిలితే పీచుపీచుగా ఉంటుంది. పెట్టల్లో ఈ వయసుకు పొట్ట కొవ్వు పుంజుల కంటే ఎక్కువగా చేరుతుంది.

పది, పన్నెండు వారాల ప్రస్తావన తెచ్చేవారు రుచి గురించి చెబుతారు, అందులో నిజం ఉంది. వయసు పెరిగిన కోడి మాంసానికి రుచి పెరుగుతుంది. కానీ ఆ వారాల లెక్క వేరే కోళ్లది. ఫ్రాన్స్‌లోని లేబుల్ రూజ్ అనే నాణ్యత ముద్ర నియమాలు కోడికి కనీసం 81 రోజులు నిండాలంటాయి; ఆ నియమాలు నిదానంగా పెరిగే జాతులనే పెంచాలని కూడా అంటాయి. ఆ రెండో మాట వదిలేసి మొదటి మాటను వేగంగా పెరిగే బ్రాయిలర్‌కు అంటగట్టడం వల్లనే పదో వారం షెడ్లలో కుంటి కోళ్లు కనబడతాయి. పన్నెండు వారాల రుచి కావాలనుకుంటే తేదీని కాక జాతిని మార్చుకోవాలి. బ్రాయిలర్‌నే కాస్త ఎక్కువ కాలం ఉంచదలిస్తే, ఆ నిర్ణయం రెండో వారం నుంచే అమలులో ఉండాలి: రోజుకు పన్నెండు గంటలు మాత్రమే దాణా అందుబాటులో ఉంచడం, రాత్రి దీపం ఆర్పి చీకటిలో విశ్రాంతి ఇవ్వడం, నీళ్లను దాణాకు దూరంగా పెట్టి నడిపించడం. ఏడు వారాలు కడుపునిండా మేపి, ఎనిమిదో వారంలో తగ్గిస్తే అప్పటికే పాడైన కాళ్లు తిరిగి బాగుపడవు.

రెండు విడతల పద్ధతి

నన్నడిగితే ఒకే తేదీ అనే ఆలోచనే సరైనది కాదు. ఒకే రోజు పుట్టిన మందలో ఆరు వారాలకే పుంజులు పెట్టల కంటే అరకిలో దాకా బరువు తూగుతాయి. కాళ్లు, గుండె ముందుగా ఇబ్బంది పెట్టేదీ వాటినే. బరువైన పుంజులను 45వ రోజు ప్రాంతంలో మొదటి విడతగా తీసివేస్తే, మిగిలినవాటికి చోటు, గాలి, దాణా పాత్రల దగ్గర అందుబాటు పెరుగుతాయి, కోత పని ఒక్క రోజున మీద పడదు. రెండో విడతను వారం పది రోజుల తరువాత, త్రాసు చెప్పిన దానిని బట్టి పెట్టుకోవచ్చు. ఇద్దరు మనుషులు, ఈక పీకే యంత్రం లేకుండా, రోజుకు పదిహేను ఇరవై కోళ్లకు మించి శుభ్రంగా చేయడం కష్టమని నా అనుభవం. ఫ్రిజ్‌లో పట్టే చోటు కూడా విడతలనే కోరుతుంది, ఎందుకంటే కోసిన మాంసాన్ని త్వరగా 4 డిగ్రీలకు దించి, బిగుసుకున్న కండలు సడలే వరకు ఒక రోజు అలాగే చల్లగా ఉంచిన తరువాతే గడ్డకట్టించాలి.

తేదీ ఖాయం చేసే ముందు దాణా సంచి మీదా, మందు సీసా మీదా రాసి ఉన్న విరామ కాలాన్ని చదవండి. మందు ఆపిన తరువాత ఎన్ని రోజులు గడిస్తే మాంసం తినవచ్చో అక్కడ ఉంటుంది; ఆ రోజులు పూర్తికాకుండా ఏ లెక్క ప్రకారమూ కోయకూడదు. దాణాలోనే కలిపి వచ్చే మందులకూ కొన్నిటికి ఈ విరామం ఉంటుంది కనుక, చివరి వారానికి మందు లేని దాణాకు మారవలసి రావచ్చు. కోతకు 8 నుంచి 12 గంటల ముందు దాణా తీసివేసి, నీళ్లు మాత్రం పట్టుకునే వరకు ఉంచాలి. అంతకు మించి ఆకలితో ఉంచితే పేగులు పలచబడి, శుభ్రం చేసేటప్పుడు తేలికగా తెగుతాయి.

రెండో విడత అయ్యాక ఎప్పుడూ రెండు మూడు చిన్న కోళ్లు మిగులుతాయి, వాటికి ఇంకో పదిహేను రోజులు ఇద్దామనిపిస్తుంది. మంద అంతా పెరిగిన షెడ్డులో అదే దాణా తిని వెనకబడిన కోడికి లోపల ఏదో లోపం ఉండే అవకాశమే ఎక్కువ. అది తినే దాణాకు తగిన బరువు తరువాత కూడా పెట్టదు, తోడు లేక బెదురుతూ గడుపుతుంది. చురుకుగా ఉన్నవాటిని చిన్నవైనా రెండో విడతతోనే కోసి, మొత్తంగా వండుకునే కోళ్లుగా వాడుకోవాలి.